గడప దగ్గరి చాప

బతకలేక బడిపంతులు అని మన పెద్దలు ఎప్పుడో అనేశారు. బడిపంతులుగా కూడా బతకలేకపోతే ఏమవుతారో మాత్రం చెప్పలేదు. నా సంగతి అడిగితే, ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగట్లో తెల్లగుడ్డ పరిచిన పరుపు మీద కూర్చుని, ఎదురుగా స్టాండుకు బిగించిన ఫోనులోకి చూస్తూ చీరలమ్ముతారు.

దీన్ని లైవ్ అంటారు. నేను చీర విప్పుతాను, అంచు చూపిస్తాను, కొంగు పరుస్తాను, ధర చెప్తాను. ఎక్కడెక్కడో ఉన్న ఆడవాళ్ళు వంటింట్లో ఒక చేత్తో పోపు వేస్తూ ఇంకో చేత్తో నన్ను చూస్తుంటారు. నచ్చిన చీరకు స్క్రీన్‌షాట్ తీసి అంగడి నంబరుకు వాట్సాప్‌లో పంపిస్తారు. ముందు ఎవరు పంపితే చీర వాళ్ళది. పని ఇంతే. కానీ మొదటి రోజు ఆ ఫోను ముందు కూర్చున్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఎందుకో తెలుసా? మొదటి చీర గురించి అంతా చెప్పి, అలవాటు కొద్దీ "అర్థమైందా?" అన్నాను. అని, ఆగాను. ఫోను ఏమీ అనలేదు.

హిందూపురంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో పదిహేడేళ్ళు సోషల్ చెప్పాను. నైరుతి రుతుపవనాల దగ్గర నుంచి రాజ్యాంగం దాకా, ఏ పాఠమైనా చివర్లో "అర్థమైందా?" అనడం, వెంటనే యాభై గొంతులు "అయింది మేడమ్" అని సాగదీయడం. వాళ్ళలో సగం మంది అబద్ధం చెప్తున్నారని నాకూ తెలుసు, నాకు తెలుసని వాళ్ళకూ తెలుసు. అయినా ఆ కేక పడితేనే నాకు పాఠం ముగిసినట్టుండేది. బడి మానేశాక జీతం కోసం దిగులు పడలేదు, హోదా కోసం కొంచెం పడ్డాను, ఆ కేక కోసం మాత్రం చాలా పడ్డాను.

మరి ఎందుకు మానావంటే, పిల్లల వల్ల కాదు. పిల్లలతో ఎంత కొట్లాడినా సాయంత్రానికి రాజీ కుదిరేది. మానింది ఎండాకాలం వల్ల.

ప్రైవేటు బళ్ళలో పనిచేసిన వాళ్ళకు చెప్పనక్కర్లేదు. పరీక్షలైపోగానే పిల్లలకు సెలవులు, మాకు అడ్మిషన్లు. కరపత్రాలు, నీళ్ళ సీసా చేతికిచ్చి ఒక్కొక్కరికీ ఒక్కో ఊరు అప్పజెప్తారు. ఇంటింటికీ తిరిగి మా బడిలో చేర్చండని అడగాలి. ఎవరు ఎంతమందిని తెచ్చారో గోడ మీద రాస్తారు. నేను మాటకారినని నాకు ఏటా పెనుకొండే వేసేవాళ్ళు. మే నెలలో పెనుకొండ వీధుల్లో నడిచినవాళ్ళకు తెలుస్తుంది, పైన ఎండ సరే, ఆ కొండ బండలు కూడా కాగి ఊరి మీదికి సెగ కొడతాయి. కొంగు నెత్తిన కప్పుకొని, వీధికుక్కలు కూడా నీడకు పడుకున్న వేళ, నేను తలుపులు తట్టేదాన్ని.

ఆ చివరి ఏడు కరపత్రంలో కొత్తగా ఒక ఈతకొలను బొమ్మ వేశారు. నీలం నీళ్ళు, అందులో తెల్లటి పిల్లలు. మా బడికి ఈతకొలను లేదు. హిందూపురంలో నీళ్ళ ట్యాంకరు వస్తే పాఠం ఆపి కిటికీలోంచి చూసే పిల్లలు మావాళ్ళు. ఇదేంటి సార్ అని కరెస్పాండెంటును అడిగితే, ముందు ముందు కట్టిస్తాం కదా మేడమ్ అన్నాడు. ఆ కరపత్రం పట్టుకుని పెనుకొండ వెళ్ళాను.

ఒక ఇంట్లో ఒకామె తలుపు తీసింది. నా ముఖం చూసి ముందు లోపలికి పిలిచి, ఫ్యాను వేసి, మజ్జిగ ఇచ్చింది. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. బస్సు, ల్యాబు, డిజిటల్ బోర్డు, క్రమశిక్షణ. ఆమె శ్రద్ధగా వింది. తర్వాత కరపత్రం తీసుకుని ఈతకొలను బొమ్మ మీద వేలు పెట్టి, "ఇది నిజంగా ఉండాదా మేడమ్ మీ బళ్ళో?" అని అడిగింది. కోపంగా కాదు, తెలుసుకుందామని అడిగింది. మజ్జిగ తాగిన నోటితో అబద్ధం ఆడలేక, లేదమ్మా అన్నాను.

ఆమె నవ్వింది. "నువ్వు ఏమి అమ్మినా కొంటా గానీ మేడమ్, బడి మాత్రం వద్దు" అంది.

ఆ మాట నా వెంట రైలెక్కింది. పెనుకొండ నుంచి హిందూపురం చేరేదాకా అదే ఆలోచన. అమ్ముతున్నానని ఆమె ఎంత సులువుగా అనేసింది! నేను పాఠాలు చెప్తున్నాననుకుంటూ ఏటా అమ్ముతూనే ఉన్నాను. అది కూడా లేనిదాన్ని అమ్ముతున్నాను. ఉన్నదాన్ని ఉన్నట్టు అమ్మే పని ఏదైనా ఉంటే ఇంతకంటే గౌరవమే కదా అనిపించింది. ఇంటికెళ్ళి మా ఆయనకు చెప్పాను. ఆయన టూవీలర్ మెకానిక్కు, చేతులు కడుక్కుంటూ విన్నాడు. నీకున్న కోపానికి యాపారం ఎట్ల చేస్తావు, కొననోళ్ళను బెంచీ ఎక్కిస్తావా అన్నాడు. కానీ వద్దనలేదు.

జూన్‌లో బళ్ళు తెరిచారు, నేను పోలేదు. ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగడి యజమాని లైవ్‌లో ఆగకుండా మాట్లాడగల మనిషి కోసం వెతుకుతున్నాడని తెలిసి వెళ్ళి కలిశాను. నాకంటే చిన్నవాడు, నెమ్మదస్తుడు. ఒక చీర చేతికిచ్చి దీని గురించి చెప్పండి మేడమ్ అన్నాడు. నేను మొదలుపెడితే కాఫీ చల్లారిపోయింది. చాలు మేడమ్, సోమవారం నుంచి రాండి అన్నాడు.

చీర గురించి అంత ఎట్లా తెలుసంటే, నేను ధర్మవరం పిల్లనే. మా నాయన నేతగాడు. నేను మగ్గం చప్పుడు వింటూ ఎక్కాలు నేర్చుకున్నదాన్ని. పైగా నాయన ఏళ్ళ తరబడి నేసింది ఇదే అంగడికి. అప్పుడు ఇప్పటి యజమాని తండ్రి చూసుకునేవాడు. నాయన చీరలు నేసిచ్చిన అంగట్లో నాయన కూతురు పరుపు మీద కూర్చుంటుంది, ఇంతకంటే ఆయనకు సంతోషం ఏముంటుందనుకున్నాను. స్వీటు డబ్బా కూడా కొనుక్కుని పోయి చెప్పాను.

నాయన ఆ డబ్బా తీసుకుని గూట్లో పెట్టాడు. "అన్నం తిన్యావా?" అన్నాడు. అంతే.

అమ్మ పోయినప్పటి నుంచి నాయన ఒక్కడే వండుకుంటాడు. కళ్ళు మసకబారి నేత మానేశాక మగ్గం విప్పి అమ్మేశాడు. కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంట మీద బండలు పరిపించి, ఆ బండల మీద మంచం వేసుకున్నాడు. హిందూపురం రమ్మంటే రాడు. సరే, నేనే రోజూ ధర్మవరం వస్తున్నాను కదా, మధ్యాహ్నం ఆయన దగ్గరే తింటానన్నాను. దానికి ముఖం వెలిగింది. ఆ రోజు నుంచి నేను వెళ్ళేసరికి రాగి సంగటో, అన్నమో, పక్కన శనక్కాయలు నూరిన ఊరిబిండో తయారుగా ఉండేది. నా కూతురి చదువు అడిగేవాడు, మా ఆయన షెడ్డు గురించి అడిగేవాడు, రైలు ఖాళీగా ఉండిందా అని అడిగేవాడు. అంగడి గురించి మాత్రం ఒక్క ముక్క అడిగేవాడు కాదు. నేనే ఎత్తితే లేచి నీళ్ళ చెంబు తేవడానికి పోయేవాడు.

నాకు కారణం తెలుసనుకున్నాను. నేను టీచరైనప్పుడు ఆయన చేసిన గొప్పలు అంతా ఇంతా కాదు. మా వీధిలో అందరికీ నేను టీచరమ్మనే. సైకిలు మీద ఎవరైనా పోతుంటే ఆపి మరీ, మా పాప హిందూపురంలో పాఠాలు చెప్తాది అనేవాడు. మగ్గం గుంటలో నీ కాళ్ళు పెట్టనీయను అని చిన్నప్పుడు నాకు చెప్పిన మాట నిలబెట్టుకున్న మనిషి. అలాంటాయనకు కూతురు సుద్దముక్క పారేసి చీరల్లోకే తిరిగి వచ్చిందంటే నామోషీ కాదా? అటు హిందూపురంలో స్టాఫ్‌రూమ్‌లో కూడా, ఆమె ఇప్పుడు చీరలు అమ్ముకుంటోంది అని నవ్వుకున్నారని విన్నాను. వాళ్ళ నవ్వు రెండు రోజుల్లో దులిపేసుకున్నాను. నాయన మౌనం దులిపేసుకోలేకపోయాను. పని నచ్చింది, మాట నడిచింది, నెలలు గడిచాయి, కానీ ప్రతి మధ్యాహ్నం ఆ మంచం మీద కూర్చుని తింటుంటే, నేను ఏదో తప్పు చేసి దాచుకున్న పిల్లలా ఉండేది. ఆయన ఒక్కసారి బాగుంది అంటే చాలనిపించేది. తిట్టినా సరేననిపించేది.

అంగట్లో మాత్రం నేను నేనే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, బడిలో వచ్చిన బుద్ధి అంతకంటే మొండిది. ఒకామె లైవ్ సగంలో చేరి, మొదటి నుంచి అన్ని చీరలూ మళ్ళీ చూపించమని రాసింది. "లేటుగా వచ్చి అట్లా అడిగితే ఎట్లమ్మా? టైముకు వచ్చినవాళ్ళకు నేనేం చెప్పాలి?" అనేశాను. యజమాని ఫోను వెనకాల నిలబడి తల పట్టుకున్నాడు. ఆమె క్షమించండి మేడమ్ అని రాసి, రెండు చీరలు కొంది. ఇంకొకామె ధర మూడుసార్లు అడిగితే, చెప్పేటప్పుడు వినాలి అన్నాను. జనానికి ఇది ఎందుకు నచ్చిందో తెలీదు గానీ నచ్చింది. టీచరమ్మ లైవ్ అని పేరు పెట్టేశారు. బహుశా అందరికీ చిన్నప్పుడు తిట్టిన టీచరు ఒకామె బాకీ ఉంటుందేమో.

ఒకరోజు పొద్దున రైల్లో, పెనుకొండలో ఒకామె ఎక్కి నన్నే చూస్తూ నిలబడింది. మజ్జిగ ఇచ్చినామె. "ఇప్పుడు ఏమి అమ్ముతాండావు మేడమ్?" అంది. చీరలన్నాను. నిజంగా ఉండాయా అని అడిగి, తనే పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఎండాకాలం తిరుగుళ్ళు తలుచుకుని నేను నవ్వడం అదే మొదలు.

శ్రావణానికి ముందు మాకు ఊపిరాడదు. నేను చేరిన మరుసటి ఏడు ఆ రోజుల్లో జరిగింది ఇప్పుడు చెప్పేది.

మా అంగట్లో ఒక పద్ధతి ఉంది. ఏ అంగట్లోనైనా ఉన్నదే. చీర మగ్గం మీద నుంచి కోసి తెచ్చిన నేతగాడు వచ్చి గడప దగ్గర చాప మీద కూర్చుంటాడు. పరుపు మీద ఉన్నాయన ఆ చీర విప్పి, వెలుతురుకు పట్టి, ఈ చివర నుంచి ఆ చివర దాకా చూస్తాడు. అది అయ్యేదాకా నేతగాడు చాప మీదే ఉండాలి. నేను చేరినప్పటి నుంచీ చూస్తున్నాను, నాకు అందులో వింతేమీ కనిపించలేదు. పిల్లవాడు పేపరు తెచ్చిస్తాడు, టీచరు దిద్దుతుంది, అట్లాంటిదే అనుకున్నాను.

ఆ రోజు యజమాని బ్యాంకు నుంచి ఆలస్యంగా వచ్చాడు. పొద్దునే ఒక నేతగాడు తెచ్చిన చీర ఆయన చూడకుండానే లైవ్ మొదలైపోయింది, మిగతా చీరలతో పాటు అదీ నా ముందుకు వచ్చేసింది. చిలకపచ్చ చీర, మెరూన్ అంచు. చాలా బాగుంది, మడత విప్పుతుంటే నాకే ఆశ పుట్టింది. కొంగు చూపించి, చీర ఒళ్ళు పరుస్తున్నాను. అక్కడ, కుచ్చిళ్ళు పడే చోట, పేక సరిగా కూర్చోక అడ్డంగా సన్నటి పలచటి గీత. మామూలు కంటికి ఆనదు. కానీ పదిహేడేళ్ళు తప్పుల కోసమే వెతికిన కళ్ళు నావి. పేజీ తెరవగానే ఒప్పుల మీద పడవు, తప్పు మీదే పడతాయి. నా నోరు నన్ను అడగలేదు. "ఇదిగో, ఇక్కడ చూడండి, ఇక్కడ ఒక తప్పుంది" అన్నాను. అనడమే కాదు, వేలితో దాని చుట్టూ సున్నా చుట్టాను, ఎర్రపెన్నుతో చుట్టినట్టు. ఫోనుకు దగ్గరగా పట్టి మరీ చూపించాను. నేసేటప్పుడు ధ్యాస తప్పితే ఇట్లా అవుతుందని వివరించాను కూడా. చివర్లో "అర్థమైందా?" అన్నాను.

యజమాని ముఖం తెల్లబోయింది. నాకూ అప్పుడే స్పృహ వచ్చింది, పని పోయిందనుకున్నాను. కానీ ఫోనులో కామెంట్లు వరదలా వచ్చిపడ్డాయి. తప్పు ఉందని తనే చెప్పే అంగడి ఎక్కడుంది మేడమ్ అని ఒకరు, మిమ్మల్ని చూసే కొంటున్నాం అని ఇంకొకరు. ఆ పూట ముందరేసుకున్న చీరలన్నీ అయిపోయాయి. ఆ చిలకపచ్చ చీరను కూడా, చిన్న గీతే కదా అని, ఒకామె ధర తగ్గించమని తీసుకుంది. లైవ్ ఆపాక యజమాని నా దగ్గరికి వచ్చి, కోప్పడతాడనుకుంటే, మెల్లగా ఒక మాటన్నాడు. రోజూ ఒక చీరలో ఇట్లా ఏదైనా చూపిస్తే ఎట్లుంటుంది మేడమ్, నమ్మకం పెరుగుతుంది అన్నాడు.

నేను పొంగిపోయాను, అబద్ధమెందుకు? పెనుకొండలో ఈతకొలను బొమ్మ పట్టుకుని తిరిగిన మనిషిని, ఇప్పుడు వేల మంది ముందు నిజం చెప్పి మెప్పు పొందాను. ఈ సంగతి నాయనకు చెప్పాలి, ఇదైనా ఆయనకు నచ్చుతుంది అనుకుంటూ మధ్యాహ్నం ఇంటికి పోయాను.

ఆయన అన్నం పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. నేను నోరు తెరిచేలోగా ఆయనే అడిగాడు.

"వాడు ఆడ్నే ఉండెనా?"

ఎవరు అన్నాను.

"ఆ చీర నేసినోడు. నువ్వు తప్పుండాది అని చూపిస్తాంటే, వాడు గడప కాడ్నే ఉండెనా?"

ముద్ద నా చేతిలోనే ఉంది. రెండు సంగతులు ఒక్కసారే తగిలాయి. నాయన నా లైవ్ చూస్తున్నాడు. ఆ నేతగాడు నిజంగానే అక్కడ ఉన్నాడు. నేను వేలితో సున్నా చుడుతున్నప్పుడు ఫోనుకు అవతల, గడప దగ్గర, ఒక మనిషి లేవడం నా కంటి కొసకు కనిపించింది. చెప్పులు వేసుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. అప్పుడు నేను కామెంట్లు చదువుతున్నాను.

ఉన్నాడు నాయనా అన్నాను.

నాయన కోపంగా మాట్లాడలేదు, అదే నాకు కష్టమైంది. "ఆ చాప మీద నేను కూచున్యా పాపా. ఇప్పుడుండే ఆయప్ప వాళ్ళ నాయన పరుపు మీద కూర్చోని చీర ఇప్పుతాండె. ఇప్పేంతసేపూ నా గుండె ఆయప్ప చేతిలో ఉన్నట్టుండేది. ఒగ్గొగసారి అంగట్లో కొనేటోళ్ళు ఉండంగానే తప్పు చూపిచ్చి, చీర నా మీదికి ఇసిరేసేటోడు. అందరూ నా దిక్కు చూసేటోళ్ళు. ఆ దినం ఇంటికొచ్చి అన్నం తినేది ల్యా నేను" అన్నాడు. నీళ్ళ చెంబు నా వైపు జరిపి, "నువ్వు చీరలమ్మేది నాకు చిన్నతనం కాదు. నువ్వు ఆ పరుపు మీద కూచుంటావని నేను అనుకోల్యా" అన్నాడు.

నెలల తరబడి నేను మోసిన దిగులంతా తప్పు దిగులే. ఆయన నా ఉద్యోగం పోయిందని బాధపడలేదు. తన జీవితమంతా ఏ పరుపు ముందు తల వంచుకుని కూర్చున్నాడో, ఆ పరుపు మీద కూతుర్ని చూడలేకపోయాడు. చిన్నప్పుడు కొన్ని రోజులు నాయన తలనొప్పి అని పడుకునేవాడు. అమ్మ నన్ను అరవొద్దనేది. ఆ తలనొప్పులు ఏమిటో నాకు ఇన్నేళ్ళకు తెలిసింది. కంచం ముందే ఏడ్చాను. నాయన ఓదార్చలేదు, తినమని కూడా అనలేదు. లేచి నా పక్కకొచ్చి కూర్చున్నాడు.

ఆ రాత్రి రైల్లో హిందూపురం పోతూ ఒకటే ఆలోచించాను. నిజం చెప్పడం మంచిదే. కానీ ఎవరి ముందర చెప్తున్నాం, ఎవరిని కూర్చోబెట్టి చెప్తున్నాం అన్నది కూడా నిజంలో భాగమే కదా. ఈ మాత్రం తెలియడానికి నేను బడి మాని ఇక్కడికి రావాల్సి వచ్చింది.

మర్నాడు యజమానితో మాట్లాడాను. నేతగాళ్ళు తెచ్చే చీరలు ఇకమీద నేనే చూస్తాను, లైవ్‌కు ముందే చూస్తాను, గీత ఉన్న చీర లైవ్‌లోకి రాదు, కొనాలనుకున్న వాళ్ళకు ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్ముదాం అన్నాను. మరి రోజూ ఒక తప్పు సంగతి అని గొణిగాడు. అదైతే నాతో కాదు, వేరే మనిషిని చూసుకోండి అన్నాను. బడిలో నా సీటు ఎప్పుడో నిండిపోయింది, ఈ పని కూడా పోతే ఇంక తట్టాల్సిన తలుపు ఏదో నాకు తెలీదు. ఆయన కాసేపు గడప వైపు చూశాడు. చిన్నప్పుడు ఆయన కూడా ఆ అంగట్లోనే ఆడుకుని ఉంటాడు, ఏం చూశాడో ఏమో. మీ ఇష్టం మేడమ్, చీరలు అమ్ముడుపోతే చాలు అన్నాడు.

ఆ నేతగాడు చాలా రోజులు రాలేదు. వేరే అంగడికి నేస్తున్నాడేమో అనుకున్నాను. తర్వాత ఒక పొద్దున వచ్చి, మామూలుగానే చాప మీద కూర్చుని, మూట పక్కన పెట్టుకున్నాడు. నా వైపు చూడలేదు. నేను పరుపు దిగి పోయి ఆయన ఎదురుగా చాప మీదే కూర్చున్నాను. కంగారుపడి లేవబోయాడు. కూర్చో అన్నా, అని ఆపాను. చీర నా ఒళ్ళోనే విప్పి, ఇద్దరం చెరో అంచు పట్టుకుని చూశాం. ఆ రోజు అట్లా చేసినందుకు నన్ను ఏమీ అనుకోవద్దు అన్నాను.

"ఆ గీత నాకు తెల్సు మేడమ్" అన్నాడు. "అంగడి ఆయప్ప వస్తానే చెప్దామని కూచుంటి. నేను చెప్పేలోపల నువ్వే చెప్తివి."

చీర మడిచి, బాగుందన్నా అన్నాను. నిజంగా బాగుంది.

అప్పటి నుంచి చీరలు చూసేది చాప మీదనే. నాకు మోకాళ్ళు నొప్పి, లేచేటప్పుడు ద్వారబంధం పట్టుకుని లేస్తాను, నేతగాళ్ళు నవ్వుతారు. ఈ సంగతి నేను నాయనకు చెప్పలేదు. చెప్తే మెప్పు కోసం చెప్పినట్టు ఉంటుంది. ఆయన కూడా ఏమీ అడగలేదు, మళ్ళీ రైలు గురించి, మనవరాలి గురించి మాట్లాడుకున్నాం. లైవ్‌లో గడప కనిపించదు, కాబట్టి ఆయనకు తెలిసే దారి లేదు. కానీ ధర్మవరంలో నేతగాళ్ళకు తెలిసిన సంగతి నేతగాడికి తెలియకుండా ఉంటుందా?

దీపావళి ముందర ఒక మధ్యాహ్నం పని ఎక్కువై, ఇంటికి రాలేను నాయనా అని ఫోను చేశాను. కొంతసేపటికి గడప దగ్గర నీడ పడింది. నాయన. చేతిలో క్యారియరు. ఆ అంగడికి ఆయన వచ్చి ఎన్నేళ్ళైందో. యజమాని లేచి, రాండి పెద్దాయనా, పైకి రాండి అని పరుపు చూపించాడు. నాయన వద్దన్నట్టు తలూపాడు. చెప్పులు విడిచి, లోపలికి ఒక్క అడుగు వేసి, చాప మీద కూర్చున్నాడు. ఆలోచించి చేసింది కాదు, కాళ్ళకు అదే తెలుసు.

నేను పరుపు దిగి ఆయన పక్కన కూర్చున్నాను. ఇద్దరం క్యారియరు విప్పుకుని తిన్నాం. పప్పులో ఉప్పు తక్కువైంది, చెప్పలేదు. ఆయన చాపను చేత్తో తడుముతూ, "చాప మార్చినారు" అన్నాడు. ఔను నాయనా అన్నాను. ఇంకా ఏదో అనాలని ఉన్నట్టు చూశాడు.

"దినామూ పక్కింటోళ్ళ పాప ఫోన్లో పెట్టిస్తాది, నీ మాటలు ఇంటాండా" అన్నాడు. "నువ్వు బళ్ళో గూడా ఇట్లే చెప్తాంటివా?"

ఇట్లే నాయనా అన్నాను.

"పదిహేడేండ్లు అందరికీ చెప్పుకుంటి, మా పాప పాఠం చెప్తాదని. నువ్వు చెప్తాంటే ఒగ్గ దినమూ ఇనల్యా నేను. ఇప్పుడు ఇంటాండా." అని, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

బడి మానితే ఆయన టీచరమ్మను పోగొట్టుకున్నాడని కదా నేను అనుకున్నది. ఆయనకు టీచరమ్మ దొరికింది ఇప్పుడు.

మధ్యాహ్నం లైవ్‌కు టైమైంది. నాయన పోతాడనుకుంటే పోలేదు, గోడకు ఆనుకుని చాప మీదే కూర్చున్నాడు. నేను పరుపు మీదికి వచ్చి, ఫోను సరిచేసి, నెమలికంఠం రంగు చీర ఒకటి విప్పాను. అంచు చూపించాను, కొంగు పరిచాను, పడుగు ఏమిటో పేక ఏమిటో చెప్పాను, దీని వెనక ఒక మనిషి ఎన్ని రోజులు కాళ్ళూ చేతులూ ఆడించాడో చెప్పాను. అంతా చెప్పాక, అలవాటు కొద్దీ "అర్థమైందా?" అన్నాను.

"అయింది" అన్నాడు నాయన, గడప దగ్గర నుంచి.

నేను ఇంకో చీర అందుకున్నాను.